నీలం బండి లోపలి వైపు

హంసవేణి మనసు ఒక బండి మీద పడింది. అదేమన్నా మామూలుగా పడిందా! చూసి వచ్చిన నాటి నుంచి అన్నం ముందు కూర్చున్నా ఆ బండి ముక్కే కళ్ళ ముందు. రేకు మీద సుత్తి వేస్తున్నా ఆ బండి వంపే చేతి కింద.

మదనపల్లెలో మునిరత్నం ఆచారి అని ఒక పెద్దాయన. బస్సులకు బాడీలు కట్టి కట్టి, ఆ పని మానేశాక, పాత ఫొటోలు నాలుగు గోడకు అంటించుకుని, మూడేళ్ళు కూర్చుని సొంతంగా కట్టాడు దాన్ని. డెబ్బై ఏళ్ళ కిందట ఇటలీలో ఏదో కంపెనీ చేసిన పందెం కారుకు నకలు. ఇద్దరే కూర్చోవాలి. పైన కప్పు లేదు. ముందు భాగం పొడుగ్గా సాగి, చివర్లో కొంచెం వంగి, నీళ్ళు తాగడానికి తల దించిన గుర్రంలా ఉంటుంది. లేత నీలం రంగు. ముక్కు మీద ఆ కంపెనీవాళ్ళ ఇత్తడి డేగ బొమ్మ. లోపల పాత జీపు ఇంజను. మార్పులన్నీ రవాణా ఆఫీసులో చూపించి రాయించాడు కాబట్టి కాగితాలకు కూడా పేచీ లేదు.

అసలు బండ్లు లోకం మొత్తం మీద పాతిక కూడా మిగల్లేదట. ఉన్నవాటిని డబ్బున్న మారాజులు గాజు గదుల్లో పెట్టి, ఏడాదికి రెండుసార్లు ప్రాణం పోసి, మళ్ళీ దుప్పటి కప్పేస్తారట. ఎక్కడో చదివి, ఆ రోజంతా హంసవేణి కుతకుత ఉడికిపోయింది. రోడ్డు మీద పరిగెత్తడానికి పుట్టినదాన్ని గదిలో పెట్టి తాళం వేస్తారా? ఆ వంపు చూసే భాగ్యం కూడా వాళ్ళ బంధువులకేనా? నాలాంటిది దాన్ని నడపాలంటే ఎవరో ఒక ఆచారి మళ్ళీ కొట్టి నిలబెట్టాల్సిందేగా!

కొంటానని ఇంట్లో చెప్పింది. ఆరేళ్ళుగా కూడబెట్టిందంతా దాని మీద పెడుతుందని తెలిసి అన్న మొహం అదోలా పెట్టాడు.

"దొంగ నోటుకు దాచుకున్న డబ్బంతా ఇస్తావా?" అన్నాడు.

"వానొస్తే ఏం చేస్తావే? నెత్తిన కప్పు కూడా లేదంట!" అంది అమ్మ.

అమ్మ మాటకు నవ్వొచ్చింది. అన్న మాట మాత్రం చెప్పులో రాయిలా ఉండిపోయింది. దొంగ నోటట! తిరుగుతుంది, ఆగుతుంది, మలుపులో ఒరిగి లేస్తుంది. ఏ నోటు ఇవన్నీ చేస్తుంది?

అన్నతోనే అయిపోలేదు. రాయచోటిలో చెంగల్రాయుడు గారి దగ్గర అసలు కథ జరిగింది.

చెంగల్రాయుడు గారికి గ్రానైటు క్వారీలు ఉన్నాయి. షెడ్డు నిండా పాత కార్లున్నాయి. అన్నీ అసలువే. ఆ మాట ఆయన రోజుకు పదిసార్లు అంటాడు. వాటిలో తెల్లదొరల కాలం నాటి ఒకదానికి హెడ్‌లైటు డొప్పలు రెండూ తుప్పు పట్టి రాలిపోతే, కడపలో దస్తగిరి ఉస్తాద్ షెడ్డుకు పంపాడు. ఆ డొప్పలు అక్కడ పని చేసే హంసవేణికే వచ్చాయి. చదును రేకును ఇసుక సంచి మీద పెట్టి, చెక్క సుత్తితో గిన్నెలా దింపి, ఇనప సుత్తితో గరుకు తీసి, పన్నెండు రోజులు కొట్టింది. ఎడమది ముందు పూర్తయితే తీసుకువెళ్ళి ఇచ్చింది.

చెంగల్రాయుడు గారు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. తిప్పి లోపలి వైపు చూశాడు. అక్కడ నెలవంక, దాని కింద చుక్క. దస్తగిరి ఉస్తాద్ గుర్తు.

"చెయ్యంటే ఇది! కంపెనీవాడు కూడా ఇట్లా కొట్టలేడు. ఉస్తాద్ చెయ్యి ఉస్తాద్‌దే" అన్నాడు.

హంసవేణికి లోపల దీపం వెలిగినట్టయింది. పెదవి మాత్రం విప్పలేదు.

ఆ సంతోషంలోనే నోరు జారి నీలం బండి సంగతి చెప్పింది. చెంగల్రాయుడు గారు నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక, షెడ్డులో కారు తుడుస్తున్న మనిషిని కూడా పిలిచాడు.

"ఇది విన్నావా అప్పా! బస్సు బాడీలు కట్టేవాడి కారంట. ఈ పాప కొంటాదంట. ఐటీఐ మెట్టు కూడా ఎక్కని పాప. డూప్లికేట్ బండికి డూప్లికేట్ మేస్త్రి! జోడీ కుదిరింది పో."

బస్సులో వస్తున్నంతసేపూ ఆమె చెవులు మండుతూనే ఉన్నాయి.

దస్తగిరి ఉస్తాద్ గురించి కడపలో రెండు రకాలుగా చెబుతారు. ఆటోనగర్‌లో అడిగితే, రేకు పని తెలిసిన చివరి మనిషి అంటారు. ఊరి బయట చిన్న దర్గా దగ్గర అడిగితే, గురువారం సాయంత్రాలు అక్కడ ఊదు వేసి కూర్చునే ఫకీరు అంటారు. ఆయన్ను ప్రశ్న అడిగితే జవాబు రావడం అరుదు. ఏదో ఒక పని చేస్తాడు. అర్థమైనవాడికి అర్థమవుతుంది, కానివాడు మరో గురువారం వస్తాడు.

పాత బండి కొనేవాళ్ళు ఆయన చేత తట్టించకుండా కొనరు. వేలి కణుపుతో బండి ఒళ్ళంతా తడతాడు. సొట్టల్లో లప్పం పూసి ఎక్కడ దాచారో, రేకు ఎక్కడ అతికారో చెవికి తెలిసిపోతుంది. సరే అన్నాడంటే సరే. ఇంక ఎవరూ ఎదురు చెప్పరు.

హంసవేణికి కావలసింది ఆ సరే. అది దొరికితే అన్న నోరూ, చెంగల్రాయుడు గారి నోరూ ఒకేసారి మూతపడతాయి.

వారం తిరిగాక ఒక పొద్దున షెడ్డులోకి అడుగు పెడుతూనే మొదలుపెట్టింది. "ఉస్తాద్, మీరు మదనపల్లె రావాలి. బండి తట్టి చూడాలి. అది నకిలీ కాదని మీ నోటితో చెప్పాలి. ఒక్కొక్కళ్ళు ఏమంటున్నారో తెలుసా? దొంగ నోటంట! డూప్లికేటంట! మూడేళ్ళు కూర్చుని కొట్టాడు ఆ పెద్దాయన. వీళ్ళలో ఒక్కడైనా రేకు మీద మూడు నిమిషాలు సుత్తి వేశాడా?"

ఉస్తాద్ టీ తాగుతున్నాడు. తాగడం అయ్యేదాకా వినీ విననట్టే ఉండి, గ్లాసు కింద పెట్టాడు.

"ఆ డొప్ప అయిందా? కుడిది?"

"నిన్ననే అయింది ఉస్తాద్. నేను చెప్పేది..."

"గుర్తు కొట్టావా?"

"కొట్టాను."

"ఇటు తే."

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పని పూర్తయ్యాక, లోపలి వైపు, రంగు పడని చోట, చేసినవాడి గుర్తు కొట్టాలి. రేపు పాడైతే ఎవరి దగ్గరికి పోవాలో బండికి తెలియాలి అంటాడు ఉస్తాద్. తోటి పనివాడు పెంచలయ్యది నాగలి గుర్తు. ఇంకొకాయనది మూడు గీతలు. హంసవేణి ఇక్కడికి వచ్చిన కొత్తలో, మొదటి పని పూర్తి చేసిన రోజు, గుర్తులు కొట్టే ఉస్తాద్ పంచి తీసి నెలవంకా చుక్కా కొట్టింది. ఆయన చూశాడు.

"ఇది చేసిందెవరు?" అని అడిగాడు.

"మీరే ఉస్తాద్. నేర్పింది మీరు, చెయ్యి ఒక్కటే నాది" అంది, కళ్ళు దించుకుని.

ఆయన ఏమీ అనలేదు. అది మెచ్చుకోలు అనుకుంది. అప్పటి నుంచి ఆరేళ్ళుగా ఆమె చేతి కింద తయారైన ప్రతి రేకు వెనకా ఆ నెలవంకే.

ఉస్తాద్ డొప్పను తువ్వాలులో మూట కట్టి చంకలో పెట్టుకున్నాడు. "పద" అన్నాడు. దారిలో రాయచోటిలో ఇవ్వడానికి కాబోలు అనుకుంది ఆమె. కానీ రాయచోటిలో బస్సు ఆగినా ఆయన దిగలేదు. ఒళ్ళో మూట పెట్టుకుని, కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చున్నాడు.

మునిరత్నం ఆచారి ఇంటి ముందు రేకుల పందిరి. దాని కింద నీలం బండి. హంసవేణికి మళ్ళీ గుండె జారింది. ఎన్నిసార్లు చూసినా మొదటిసారే.

"రండి రండి సాయిబు గారూ. మీ పేరు బాగా విన్నా" అంటూ ఆచారి ఎదురొచ్చి, మడిచిన కుర్చీ విప్పి వేశాడు. చేతి వేళ్ళ కొసలన్నీ సుత్తి దెబ్బలకు మొద్దుబారి ఉన్నాయి.

ఉస్తాద్ కూర్చోలేదు. చెప్పులు విడిచి బండి చుట్టూ నడిచాడు. కళ్ళు మూసుకుని, వేలి కణుపుతో తట్టడం మొదలుపెట్టాడు. ముక్కు మీద, చక్రాల పైవంపుల మీద, తలుపుల మీద. ఒక్క చోట కూడా శబ్దం మొద్దుబారలేదు. ఎక్కడ తట్టినా ఒకటే మోత. గర్వం ఆపుకోలేక హంసవేణి ఆచారి వైపు చూసి తల ఊపింది.

తర్వాత ఉస్తాద్ నేల మీద వెల్లకిలా పడుకుని, చక్రం వెనక చెయ్యి పెట్టి, రంగు పడని లోపలి వైపు తడిమాడు. చాలాసేపు తడిమాడు. నాలుగు మూలలా తడిమాడు. లేచి, వీపు దులుపుకున్నాడు.

"దీన్ని చేసిందెవరు?" అని అడిగాడు.

ఆచారి మొహం వెలిగిపోయింది. ఇటలీ కంపెనీ చరిత్రంతా ఏకరువు పెట్టాడు. ఏ ఏడు ఏ పందెం గెలిచారో, బండి నమూనా గీసిన దొర పేరేమిటో, డేగ బొమ్మ ఎందుకు పెట్టారో.

ఉస్తాద్ అంతా విన్నాడు. "మంచిది. దీన్ని చేసిందెవరు?"

"అదే చెప్తున్నా కదా సామీ. కంపెనీ పేరు..." అని మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టాడు ఆచారి. "పక్కన అసలుది పెట్టినా తేడా కనిపెట్టే మొగాడు లేడు. ఆ బొమ్మ కూడా అచ్చు కొలత. ఎవరన్నా అడిగితే పాపను కూడా అదే చెప్పమనండి. విదేశం నుంచి వచ్చింది అని. నేనేమీ అనుకోను."

అంతే. హంసవేణికి వారం రోజులుగా ఉడుకుతున్నదంతా పొంగింది.

"నేనెందుకు చెప్తాను? నువ్వెందుకు చెప్తావు పెద్దాయనా? అడుగుతుంటే నీ పేరు చెప్పవేం? మూడేళ్ళు ఎండలో కూర్చుని రేకు కొట్టింది ఆ దొరా? ఆ వంపు తేలింది ఎవరి చేతిలో? నీ కష్టాన్ని తీసుకెళ్ళి, ముక్కూ మొహం తెలియనివాడి కాళ్ళ దగ్గర పెడతావా! ఊళ్ళో అందరూ నకిలీ నకిలీ అంటుంటే నేను వాళ్ళతో కొట్లాడి వచ్చాను. నువ్వేమో వాళ్ళదే నిజమంటున్నావు!"

ఆచారి చూపు పక్కకు తప్పుకుంది. "పేరు చెప్తే ఎవరు కొంటారు పాపా? బస్సు బాడీలోడి పేరు కారు మీద ఉంటే నవ్వరా?"

"నవ్వనీ! నవ్వేవాళ్ళకు భయపడి నీ చేతులకు నువ్వే అన్యాయం చేసుకుంటావా? పెద్దవాళ్ళ పేరు వెనక దాక్కుంటే అది వినయం అవుతుందా? పిరికితనం అవుతుంది. దానికి మళ్ళీ భక్తి అని పేరు పెట్టుకోవడం ఒకటి! ఇది నకిలీ ఎందుకైందో తెలుసా? ఆ ఒక్క బొమ్మ వల్ల. లేకపోతే దీనంత నిజమైన బండి..."

ఉస్తాద్ తువ్వాలు ముడి విప్పాడు. డొప్పను తీసి, బోర్లా తిప్పి, లోపలి వైపు పైకి వచ్చేలా ఆమె అరచేతుల్లో పెట్టాడు.

నెలవంక. కింద చుక్క.

హంసవేణి బొటనవేలు ఆ గుర్తు మీదికి వెళ్ళింది.

పందిరి రేకు ఎండకు టక్కుమంది. ఎవరింట్లోనో కుక్కరు కూత వేసింది. చెంగల్రాయుడు గారు ఎడమ డొప్పను వెలుతురుకు పట్టడం, 'ఉస్తాద్ చెయ్యి' అనడం, తను నోరు మూసుకుని నిలబడటం ఆమెకు మళ్ళీ కనిపించాయి. నిమిషం తర్వాత ఆయన డూప్లికేట్ మేస్త్రి అంటే తనకెంత కోపం వచ్చింది! తన పని మీద ఉస్తాద్ గుర్తు వేసి, ఆ మాట అనడానికి ఆయనకు సందు ఇచ్చింది ఎవరు?

ఉస్తాద్ కుర్చీలో కూర్చుని ఆచారిని మంచినీళ్ళు అడిగాడు.

హంసవేణి ఆచారి పనిముట్ల పెట్టెలో రేకు అరగదీసే ఆకురాయి వెతికి తీసుకుని, పందిరి గుంజకు ఆనుకుని కూర్చుంది. నెలవంక మీద ఆకురాయి ఆడించింది. ఆరేళ్ళుగా కళ్ళకు అద్దుకున్న గుర్తు. ఉస్తాద్ వైపు చూసింది. ఆయన గ్లాసెత్తి నీళ్ళు తాగుతున్నాడు. మళ్ళీ ఆడించింది. నెలవంక పోయింది, చుక్క పోయింది, తెల్లటి రేకు మిగిలింది.

అది చూస్తూ నిలబడ్డ ఆచారి లోపలికి వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చాడు. ఎవరూ చెప్పకుండానే బండి ముక్కు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. డేగ బొమ్మ ఊడి వచ్చింది. నీలం మీద రెండు చిల్లులు మిగిలాయి.

"పూడ్చి రంగు వెయ్యాలా పాపా?"

"వద్దు పెద్దాయనా. అట్లాగే ఉండనీ."

చక్రం వెనక పడుకుని ఆయన పంచితో ఒక్కొక్క చుక్కే కొడుతూ తన పేరు, ఊరి పేరు లోపలి వైపు రాశాడు. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఇన్నేళ్ళలో పేరు కొట్టడం ఆయనకు అదే మొదటిసారి. హంసవేణి అదే పంచి అడిగి తీసుకుని, గీకిన చోట 'హం' అని కొట్టింది. రేకు మీద ఆ దెబ్బ చాలా పెద్దగా వినిపించింది ఆమెకు.

బండి సరేనా కాదా అని ఉస్తాద్‌ను అడగాలని వచ్చిన సంగతి గుర్తు లేదు. కాగితాల మీద సంతకాలు అయ్యాక, తాళం చెవి చేతికి వచ్చాక గుర్తొచ్చింది. అప్పుడు అడగాలనిపించలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం ఆచారి పెట్టెలోని ఆకురాయిని అరువడిగి తెచ్చుకుంది.

దారి పొడుగునా పొలాల్లో పని చేసేవాళ్ళు నడుములెత్తి చూశారు. ఉస్తాద్ గడ్డం గాలికి ఒకవైపుకు ఎగిరింది. తువ్వాలు తలకు చుట్టుకుని, చిన్నపిల్లాడిలా ముందుకు వంగి కూర్చున్నాడు. ఆమె నడిపింది.

రాయచోటిలో చెంగల్రాయుడు గారి గేటు ముందు ఆపింది.

ఆయన మెట్లు దిగి వచ్చి బండిని చూసి నవ్వబోయాడు. లోపల ఉస్తాద్ కనిపించేసరికి నవ్వు మింగి నమస్కారం పెట్టాడు. హంసవేణి దిగి కుడి డొప్పను అందించింది.

ఆయన వెలుతురుకు పట్టాడు. మురిసిపోయాడు. తిప్పాడు. నొసలు ముడిపడింది.

"ఇదేంది? చంద్రుడు లేడే? ఈ రాతేంది?"

"అది నా గుర్తండీ. చేసింది నేను."

"మరి ఎడమది?"

"అదీ నేనేనండీ. దాని మీద తప్పు గుర్తు పడింది. తప్పు నాదే." జేబులోంచి ఆకురాయి తీసింది. "విప్పక్కర్లేదు. రెండు నిమిషాలు చాలు. గీకి, సరైనది కొట్టి పోతాను."

చెంగల్రాయుడు గారు ఒక్క అంగలో షెడ్డు తలుపుకు అడ్డం వచ్చాడు.

"ముట్టుకోకు! నేను అందరికీ చూపించినా! దస్తగిరి ఉస్తాద్ చెయ్యి అని చెప్పినా! మొన్న మద్రాసు నుంచి వచ్చినోళ్ళు ఫొటోలు తీసుకున్నారు!"

"తప్పండీ అది."

"ఉండనీ!"

"నిజం కాదండీ."

"ఉండనీ అంటే వినపడదా పాపా! ఎవరు చూడొచ్చారు లోపల? దీని మీద కూడా ఆ చంద్రుణ్ణే కొట్టుకుని రా, తీసుకుంటా. ఈ రాతతో అయితే నాకొద్దు. నా షెడ్డులో డూప్లికేట్ సరుకు పెట్టను!"

హంసవేణికి ఒళ్ళు భగ్గుమంది. ఆయన వెనక షెడ్డులో, చీకట్లో, ఆ పాత కారు ఎడమ కన్ను మెరుస్తోంది. పన్నెండు రోజులు కొట్టిన కన్ను. కుడి వైపు గుంట ఖాళీగా ఉంది. జవాబులు పది నోటి దాకా వచ్చాయి. వారం కిందటైతే పదీ అనేసి ఉండేది.

చెయ్యి చాచి డొప్ప వెనక్కి తీసుకుంది.

బండి దగ్గరికి వచ్చి, "చూశారా ఉస్తాద్! వద్దంటున్నాడు. దిద్దుతానన్నా వద్దంటున్నాడు. అబద్ధమే కావాలంట ఆయనకు!" అంది.

ఉస్తాద్ ఆమె చేతిలోంచి ఆకురాయి తీసుకున్నాడు. డొప్ప కూడా తీసుకుని, వేలి కణుపుతో ఒకసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఆ రోజు ఆయన మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

"ఆయన బండి ఆయన చూసుకుంటాడు" అన్నాడు, డొప్పను ఒళ్ళో పెట్టుకుంటూ. "నీ బండి నువ్వు తియ్యి, మేస్త్రీ."